ధ్రువ సముద్రాల గతం బురదలో ఉంది: ఏ ప్రశ్నకు ఏ ప్రాక్సీని ఎంచుకోవాలి?

ధ్రువాల దగ్గర సముద్రపు మంచు ఎంత మేర పరుచుకుందో ఉపగ్రహాలు నిరంతరంగా కొలవడం మొదలైంది 1978 చివర్లో. అంతకు వెనక్కి వెళ్లాలంటే సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్న బురదే దిక్కు. గొట్టం దించి పైకి లాగిన ఆ బురద స్తంభాన్ని కోర్ అంటారు. అందులో థర్మామీటర్లు ఉండవు కాబట్టి గుల్లలు, కొవ్వు అణువులు, ఇసుక రేణువుల్లాంటి పరోక్ష ఆధారాలతో, అంటే ప్రాక్సీలతో, అప్పటి వాతావరణాన్ని లెక్కగట్టాలి. ఇవి ఇప్పుడు చాలానే ఉన్నాయి. మొదటిసారి శాంపిల్స్ అడగబోయే విద్యార్థికి చిక్కంతా ఇక్కడే: దేన్ని కొలవాలి, దేన్ని వదిలేయాలి?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చాలామంది ముందు ప్రాక్సీని ఎంచుకుని, తర్వాత దానికి సరిపోయే కోర్ కోసం వెతుకుతారు. ధ్రువ సముద్రాల్లో ఆ వరస పనికిరాదు. ఇది ఏ ధ్రువం, ఈ బురద వయసు ఎలా తేలుతుంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే ప్రాక్సీ ఎంపిక సగం పూర్తయినట్టే.

ఉత్తరమా, దక్షిణమా

దక్షిణ మహాసముద్రం డయాటమ్‌ల రాజ్యం. ఈ సూక్ష్మ శైవలాల గుల్లలు సిలికాతో తయారవుతాయి, అడుగున కోట్లాదిగా పేరుకుంటాయి. సున్నపు గుల్లలుండే ఫోరామినిఫెరా అనే సూక్ష్మజీవులకు అక్కడ గడ్డుకాలమే. చల్లని నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కరిగి ఉంటుంది, దాంతో కాల్షియం కార్బనేట్ నిలవదు. అంటార్కిటిక్ తీరపు అరుగు మీద తీసిన కోర్లలో మీటర్లకు మీటర్లు జల్లించినా చేతినిండా గుల్లలు దొరకని సందర్భాలు మామూలే.

ఆర్కిటిక్ మధ్యభాగంలో పరిస్థితి తిరగబడుతుంది. అక్కడ డయాటమ్ గుల్లలు ఎక్కువగా కరిగిపోతాయి. గత కొన్ని లక్షల ఏళ్ల పొరల్లో ఫోరామినిఫెరా దొరుకుతాయి కానీ అన్ని పొరల్లోనూ కాదు. అంచు సముద్రాల్లో డైనోసిస్ట్‌లు మిగులుతాయి. డైనోఫ్లాజెల్లేట్ అనే సూక్ష్మజీవులు విశ్రాంతి దశలో కట్టుకునే తిత్తులివి. వాటి గోడ సేంద్రియ పదార్థం కాబట్టి సున్నం కరిగినా, సిలికా కరిగినా వాటికేం కాదు.

అందుకే అంటార్కిటిక్ మీద రాసిన మంచి పరిశోధన పద్ధతిని తెచ్చి ఆర్కిటిక్ కోర్ మీద యథాతథంగా వాడటం కుదరదు. అటుది ఇటు తెచ్చినా అంతే.

ఒక సెంటీమీటర్‌కు ఎన్నేళ్లు?

ఇది పది నిమిషాల్లో వేసుకోగల లెక్క, కానీ ఏళ్ల శ్రమను కాపాడుతుంది. తూర్పు అంటార్కిటికా తీరాన అడేలీ బేసిన్‌లో 2010లో ఐఓడీపీ అనే అంతర్జాతీయ సముద్ర తవ్వక కార్యక్రమపు 318వ యాత్ర సుమారు 170 మీటర్ల బురద తీసింది. అదంతా గత పదకొండు వేల ఏళ్ల చిల్లరలో పేరుకున్నదే. అంటే ఏడాదికి సగటున సెంటీమీటరున్నర. పలుచటి పొరలు కంటికే కనిపిస్తాయి, ఏళ్లనూ దశాబ్దాలనూ విడదీయొచ్చు. మధ్య ఆర్కిటిక్‌లో వెయ్యేళ్లకు ఒక సెంటీమీటర్ పేరుకోవడమే మామూలు. పైగా అడుగున పురుగులు పై కొన్ని సెంటీమీటర్లను కలియదున్నుతూ ఉంటాయి. అలాంటి చోట "శతాబ్దాల స్థాయి మార్పులు" వెతకాలనుకుంటే ఎంత ఖరీదైన పరికరం పెట్టినా లాభం లేదు. లక్షల ఏళ్ల హిమయుగ చక్రాల ప్రశ్నకు మాత్రం ఆ మెల్లటి బురదే సరైనది, ఎందుకంటే కొద్ది మీటర్లలోనే సుదీర్ఘ చరిత్ర ఇమిడి ఉంటుంది.

వయసు తేలనిదే ఏదీ తేలదు

డబ్బు, సమయం పరిమితంగా ఉంటే ఎక్కువ వాటా వయసు కట్టడానికే పెట్టమంటాను. ప్రాక్సీ విలువలు ఎంత అందంగా వచ్చినా, అవి ఏ కాలానివో తెలియకపోతే పక్క కోర్‌తో పోల్చనే లేం.

రేడియోకార్బన్, అంటే కార్బన్-14 ఎంత తరిగిందో చూసి వయసు కట్టడం, అందరికీ తెలిసిన దారి, సుమారు 50 వేల ఏళ్ల దాకా పనిచేస్తుంది. ఫోరామినిఫెరా గుల్లలు దొరికితే అదే మొదటి ఎంపిక. పని ఎలా ఉంటుందంటే: బురదను 63 మైక్రాన్ల జల్లెడ మీద కడుగుతారు, మిగిలిన గరుకు భాగాన్ని ఎండబెట్టి మైక్రోస్కోప్ కింద పరుస్తారు. క్వార్ట్జ్ రేణువుల మధ్య నియోగ్లోబోక్వాడ్రినా ప్యాకిడెర్మా అనే ఫోరామినిఫెరా జాతి కనిపిస్తుంది. చివరి చుట్టులో నాలుగు గదులు, ఎడమవైపు మెలిక, పైన చక్కెర పలుకులు అద్దినట్టు మెరిసే గరుకు పూత. తడిపిన సన్నటి బ్రష్ మొనతో ఒక్కొక్కదాన్నీ ఎత్తి పక్కన పెట్టాలి. డేటింగ్‌కు కొన్ని మిల్లీగ్రాముల గుల్లలు కావాలి, అంటే వందల నుంచి వేయి దాకా ఏరాలి. ఓపిక పరీక్షే. కానీ ఇలా ఏరిన గుల్లల మీద వచ్చిన వయసుకున్న విలువ మొత్తం బురద మీద వచ్చిన వయసుకు ఉండదు.

ఎందుకు ఉండదో అంటార్కిటికాలో బాగా తెలుస్తుంది. గుల్లలు లేవు కదా అని అక్కడ బురదలోని సేంద్రియ కార్బన్‌ను డేట్ చేస్తే, ఇప్పుడు పేరుకుంటున్న పై పొరకే వేల ఏళ్ల వయసు వస్తుంది. మంచు నదులు పాత రాళ్లను అరగదీసి తెచ్చిన పురాతన కార్బన్ అందులో కలిసిపోవడమే కారణం. దీనికి విరుగుడు ర్యాంప్డ్ పైరాలిసిస్. శాంపిల్‌ను మెల్లగా వేడి చేస్తూ పోతే తాజా కార్బన్ తక్కువ వేడికే విడుదలవుతుంది, ఆ మొదటి భాగాన్ని విడిగా డేట్ చేస్తారు. ఖర్చు ఎక్కువే, అయినా గుల్లల్లేని అంటార్కిటిక్ కోర్‌కు నేను మొత్తం కార్బన్ డేటింగ్ కంటే దీన్నే సిఫారసు చేస్తాను.

రిజర్వాయర్ ఏజ్, అంటే సముద్రపు నీటిలోని పాత కార్బన్ వల్ల గుల్లకు అదనంగా కనిపించే వయసు, సంగతి కూడా చూసుకోవాలి. దక్షిణ మహాసముద్రంలో లోతు నుంచి పాత నీరు పైకి వస్తుంది కాబట్టి, అక్కడ నేడు బతికున్న జీవి గుల్లకే వెయ్యేళ్లకు పైబడిన రేడియోకార్బన్ వయసు ఉంటుంది. హిమయుగంలో అది ఇంకా మారి ఉండొచ్చు. సముద్రపు రేడియోకార్బన్ వయసును క్యాలెండర్ ఏళ్లలోకి మార్చే మెరైన్20 కర్వ్‌ను తయారుచేసినవాళ్లే ధ్రువ ప్రాంతాలకు దాన్ని యథాతథంగా వాడొద్దని హెచ్చరించారు. ఆ హెచ్చరికను పట్టించుకోకుండా సాఫ్ట్‌వేర్‌లో అంకెలు వేసేయడం ఇప్పటికీ కనిపిస్తోంది.

50 వేల ఏళ్లు దాటితే ఉత్తరాన చిక్కులు ముదురుతాయి. మధ్య ఆర్కిటిక్ బురద వెయ్యేళ్లకు మిల్లీమీటర్ల లెక్కన పేరుకుందని ఒకప్పుడు అనుకునేవారు. బురదలో నమోదైన భూ అయస్కాంత దిశల మార్పులను అలా చదివారు. 2000 ప్రాంతంలో మాంగనీస్‌తో గోధుమ రంగు తేలిన పొరలను వెచ్చని కాలాలకు జతచేసి, లెక్క మిల్లీమీటర్లు కాదు సెంటీమీటర్లని తేల్చారు. ఆ తర్వాత థోరియం-230 పద్ధతి వాడినవాళ్లు కొన్ని గట్ల మీద పాత లెక్కే నిజం కావచ్చంటున్నారు. ఒకే కోర్‌కు రెండు వయసులన్నమాట. కాబట్టి ఆర్కిటిక్ కోర్ ఎంచుకునేటప్పుడు కనీసం రెండు స్వతంత్ర పద్ధతులతో వయసు కట్టిన దానికే మొగ్గు చూపాలి. ఉత్తర అట్లాంటిక్ వైపు అయితే అగ్నిపర్వత బూడిద పొరలు గొప్ప ఆసరా. సుమారు 12,100 ఏళ్ల నాటి వెడ్డే బూడిద దొరికిందంటే ఆ లోతు దగ్గర వయసు మేకు దిగగొట్టినట్టే.

గత వందేళ్ల మార్పు మాత్రమే కావాలంటే లెడ్-210 అనే రేడియోధార్మిక సీసం చాలు. దాని అర్ధాయువు 22 ఏళ్ల పైచిలుకు.

సముద్రపు మంచు ఉందా, లేదా

ఎక్కువమంది అడిగేది, ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

దక్షిణాన నా మొదటి ఓటు డయాటమ్ లెక్కింపుకే. ఫ్రాజిలేరియాప్సిస్ కర్టా, ఫ్రాజిలేరియాప్సిస్ సిలిండ్రస్ మంచు అంచున పెరిగే జాతులు. ఫ్రాజిలేరియాప్సిస్ కెర్గ్యులెన్సిస్ మంచు లేని నీటిది. ఒక్కో శాంపిల్‌లో మూడు, నాలుగు వందల గుల్లలు లెక్కిస్తే, మొదటి రెండు కలిపి 3 శాతం దాటిన చోట శీతాకాలపు మంచు చేరేదని అంచనా వేస్తారు. ఖర్చు తక్కువ. ఒక మంచి మైక్రోస్కోప్, జాతులను గుర్తుపట్టే కన్ను ఉంటే చాలు. గత హిమయుగం ఉచ్ఛస్థితిలో దక్షిణ మహాసముద్రపు శీతాకాల మంచు ఇప్పటికి దాదాపు రెట్టింపు ఉండేదన్న అంచనా ప్రధానంగా ఈ పద్ధతి మీదే నిలబడింది. దీని బలహీనత కరుగుడు. సిలిండ్రస్ గుల్ల పలచన, కెర్గ్యులెన్సిస్ గుల్ల మందం. పలచనివి కరిగిపోయి మందమైనవి మిగిలితే, మంచు లేదన్న తప్పుడు కబురు వస్తుంది. అందుకే గుల్లల అంచులు ఎంత తినేసినట్టున్నాయో కూడా రాసుకున్న డేటానే నమ్మాలి.

ఉత్తరాన పేరు మోసింది ఐపీ25. 25 కార్బన్లున్న ఈ కొవ్వు అణువును సముద్రపు మంచులో పెరిగే హాస్లియా లాంటి కొన్ని డయాటమ్‌లు మాత్రమే తయారుచేస్తాయి. ప్లిమత్ విశ్వవిద్యాలయంలో సైమన్ బెల్ట్ బృందం 2007లో దీన్ని మంచు సూచికగా ప్రతిపాదించింది. గుల్ల కరిగిపోయినా అణువు మిగలడం దీని అసలు బలం. బురదలో ఐపీ25 కనిపించిందంటే వసంతంలో అక్కడ మంచు ఉండేదని ధైర్యంగా చెప్పొచ్చు.

కనిపించకపోతేనే తంటా. మంచు అసలు లేకపోయినా సున్నానే, ఏడాది పొడవునా మందంగా కప్పేసి వెలుతురు లోపలికి రాకపోయినా సున్నానే. పూర్తిగా వ్యతిరేకమైన రెండు స్థితులకు ఒకే అంకె! అందుకే మంచు లేని నీటిలో పెరిగే శైవలాల గుర్తును పక్కన పెట్టి పీఐపీ25 అనే సూచిక కడతారు. ఐపీ25 లేక, ఆ శైవలాల గుర్తు ఎక్కువగా ఉంటే మంచు లేని నీరు. రెండూ లేకపోతే శాశ్వత మంచు కావచ్చు, లేదా రెండూ కాలక్రమంలో ఆక్సిజన్‌కు బలై ఉండొచ్చు. ఈ మూడో అవకాశాన్ని మర్చిపోకూడదు. ఇంకో సంగతి: ఈ సూచికలో రెండు అణువుల పరిమాణాలను సరితూచే గుణకం ఒకటి ఉంటుంది. అది ఆ కోర్ సగటు మీద ఆధారపడుతుంది కాబట్టి, ఒక కోర్‌లో వచ్చిన 0.6ను ఇంకో కోర్‌లో వచ్చిన 0.6తో నేరుగా పోల్చడం నాకు నచ్చదు.

దక్షిణాన దీనికి జోడీ ఐప్సో25. బెర్కెలియా అడెలియెన్సిస్ అనే డయాటమ్ దాన్ని తయారుచేస్తుందని 2016లో తేలింది. అది ఎక్కువగా తీరానికి దగ్గరి మంచులో పెరుగుతుంది. కాబట్టి తీరపు కోర్లకు బాగుంటుంది, నడి సముద్రపు మంచు అంచు ఎక్కడిదాకా వచ్చిందన్న ప్రశ్నకు మాత్రం డయాటమ్ లెక్కింపే మేలు.

డైనోసిస్ట్‌లు వీటికి భిన్నం. అవి ఏడాదిలో ఎన్ని నెలలు మంచు ఉండేది, వేసవి ఉష్ణోగ్రత ఎంత, ఉప్పదనం ఎంత అన్నవన్నీ ఒకేసారి అంకెల్లో ఇస్తాయి. ఉత్తరార్ధగోళంలో 1,900కు పైగా చోట్ల సేకరించిన నేటి బురదతో పోల్చి ఆ అంకెలు తీస్తారు. గతంలోని కలయికకు నేడు ఎక్కడా సరిజోడు లేకపోతే ఆ అంకెలకు అర్థం ఉండదు. గత పది వేల ఏళ్లకు వాడొచ్చు. పది లక్షల ఏళ్ల వెనక్కి వెళ్తే ఆ అంకెల మీద నమ్మకం పెట్టుకోలేం.

ప్రాచీన డీఎన్‌ఏ సరికొత్త దారి. అంటార్కిటికాకు ఉత్తరాన ఉన్న స్కోషియా సముద్రపు బురద నుంచి సుమారు పది లక్షల ఏళ్ల నాటి డీఎన్‌ఏ ముక్కలను 2022లో ప్రచురించారు. గుల్లలే కట్టుకోని జీవులు కూడా ఇందులో బయటపడతాయి, అది ఇంకే పద్ధతీ ఇవ్వలేనిది. ఒకటే ప్రాక్సీ పెట్టుకునే స్తోమత ఉంటే మాత్రం దీన్ని ఎంచుకోవద్దు. కలుషితం కాలేదని నిరూపించడానికే సగం శ్రమ పోతుంది.

జోడించి వాడితే ఎంత తేడా వస్తుందో చెప్పే ఉదాహరణ ఒకటి నాకు చాలా ఇష్టం. ఆర్కిటిక్ అడుగున ఉన్న లోమొనోసోవ్ గట్టు మీద దొరికిన, 60 లక్షల నుంచి కోటి ఏళ్ల నాటి బురదలో ఐపీ25 ఉంది, అంటే వసంతంలో మంచు. అదే బురదలో కొన్ని శైవలాలు వదిలిన ఆల్కెనోన్ అణువులు వేసవిలో ఉపరితల నీరు 4 డిగ్రీల పైనే ఉండేదని చెప్పాయి, అంటే వేసవిలో మంచు లేదు. విడివిడిగా చూస్తే ఒకటి "మంచు సముద్రం" అంటుంది, ఇంకొకటి "మంచు లేని సముద్రం" అంటుంది. ఋతువులను కలిపి చదివితేనే అసలు చిత్రం వచ్చింది.

ఉష్ణోగ్రత: చల్లదనం పెరిగేకొద్దీ తడబాటు

ఉష్ణమండల సముద్రాల్లో అద్భుతంగా పనిచేసే పద్ధతులు చాలావరకు ధ్రువాల దగ్గర తడబడతాయి. గుల్లల్లోని మెగ్నీషియం–కాల్షియం నిష్పత్తి ఉష్ణోగ్రతతో ఘాతాంకంగా పెరుగుతుంది, అంటే చల్లని కొసన గీత దాదాపు చదునుగా ఉంటుంది. 3 డిగ్రీల కిందకు వచ్చేసరికి ఒకట్రెండు డిగ్రీల తేడా పొరపాట్లలో మునిగిపోతుంది. ఆక్సిజన్ ఐసోటోప్‌లతో, అంటే గుల్లలోని బరువైన, తేలికైన ఆక్సిజన్ల నిష్పత్తితో, ఇంకో ఇబ్బంది. ఉష్ణోగ్రతతో పాటు కరిగిన మంచినీరు, గడ్డకట్టే మంచు వదిలే ఉప్పునీరు కూడా ఆ అంకెను కదుపుతాయి. ధ్రువ కోర్‌లో దాన్ని ఉష్ణోగ్రతగా కాక, కరిగిన నీటి పోటుకు గుర్తుగా చదవడమే నాకు సబబు అనిపిస్తుంది.

ఆల్కెనోన్లు నార్డిక్ సముద్రాల వెచ్చని భాగంలో బాగుంటాయి. సుమారు 5 డిగ్రీల కింద, మంచినీరు కలిసే చోట నాలుగు ద్విబంధాల రకం పెరిగి లెక్క చెడుతుంది. ఆ చెడగొట్టే రకాన్నే ఇప్పుడు మంచు సూచికగా వాడే ప్రయత్నాలు జరుగుతున్నాయి.

సున్నమూ సిలికా రెండూ లేని పాత బురదకు మిగిలేది టెక్స్86. ఆర్కియా సూక్ష్మజీవుల కణపొరలోని కొవ్వుల నుంచి 2002లో రూపొందించిన పద్ధతిది. 2004లో మూడు నౌకలతో ఉత్తర ధ్రువానికి 250 కిలోమీటర్ల దూరంలో జరిగిన ఏసెక్స్ తవ్వకంలో, సుమారు 5.5 కోట్ల ఏళ్ల నాటి పొరల్లో వేరే ఏ ఉష్ణోగ్రత ఆధారమూ మిగల్లేదు. టెక్స్86 అప్పటి ఆర్కిటిక్ నీరు 23 డిగ్రీల దాకా వేడెక్కిందని చూపింది. అంత వెచ్చని కాలానికి ఇది సరిగ్గా సరిపోయింది. నేటి చల్లని ధ్రువ నీటిలో మాత్రం ఈ సూచిక చెదిరిపోతుంది. అక్కడ హైడ్రాక్సిల్ కలిసిన కొవ్వులతో కట్టే ఆర్‌ఐ-ఓహెచ్ సూచిక కాస్త నయం. ఈ జీవులు లోతులోనూ బతుకుతాయి కాబట్టి దాన్ని అచ్చంగా ఉపరితల ఉష్ణోగ్రత అనకూడదు.

నేల మీది మంచు పలక కదిలిందా?

సముద్రపు మంచు వేరు, ఖండం మీది మంచు పలక వేరు. దీనికి గులకరాళ్లు, ఇసుకే ప్రధాన సాక్షులు. నడి సముద్రపు మెత్తటి బురదలో పెద్ద రేణువులు పడాలంటే మంచుకొండలు మోసుకురావాలి. హార్ట్‌మట్ హైన్రిక్ 1988లో ఉత్తర అట్లాంటిక్‌లో వర్ణించిన ఇసుక పొరలు ఇలాంటివే. 150 మైక్రాన్ల పైబడిన రేణువులను లెక్కించడం చవకైన పని, కొత్తవాళ్లు మొదలుపెట్టడానికి చాలా మంచిది. ఇసుక పెరిగినంత మాత్రాన మంచు పలక కుప్పకూలిందని అర్థం కాదు. మంచుకొండలు ఆ దారిన ఎక్కువ వచ్చాయి, లేదా అక్కడే ఎక్కువ కరిగాయి, అంతవరకే. ఆర్కిటిక్‌లో సముద్రపు మంచు కూడా తీరపు ఇసుకను మోస్తుంది.

అందుకే ఆ రేణువులు ఎక్కడి నుంచి వచ్చాయన్న ప్రశ్నకు ఖర్చు పెట్టడం తగును. నియోడైమియం, స్ట్రాన్షియం ఐసోటోప్‌లతో మూల శిలను గుర్తుపడతారు. ప్లయోసీన్ (సుమారు 53 లక్షల నుంచి 26 లక్షల ఏళ్ల కిందటి యుగం) వెచ్చని కాలాల్లో తూర్పు అంటార్కిటికా మంచు విల్క్స్ బేసిన్ లోపలికి వెనక్కి తగ్గిందని 2013లో చూపింది ఇలాగే, సన్నటి బురద రసాయనంతో. మంచు పలకకు దగ్గరగా తీసిన కోర్ అయితే కంటితో చూసినదే బలమైన ఆధారం. అంటార్కిటికాలోని మెక్‌మర్డో దగ్గర ఆండ్రిల్ తవ్వక ప్రాజెక్టు తీసిన 1,285 మీటర్ల కోర్‌లో మంచు కింద నలిగిన రాళ్ల బురద, నీరు తెరుచుకున్నప్పటి డయాటమ్ పొరలు ఒకదాని మీద ఒకటి మారుతూ వస్తాయి. మంచు వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. దీనికి ఏ సూచికా కట్టక్కర్లేదు.

కోర్ తీసే పరికరం, శాంపిల్స్

గత రెండు వందల ఏళ్లకు మల్టీకోరర్, ఎందుకంటే అది పై పొరను చెదరనివ్వదు. కొన్ని మీటర్లకు గ్రావిటీ కోరర్, పది, ఇరవై మీటర్లు దాటితే పిస్టన్ కోరర్, వందల మీటర్లకు డ్రిల్లింగ్ నౌక. గ్రావిటీ, పిస్టన్ రెండూ పై పొరను పోగొడతాయి కాబట్టి అదే చోట మల్టీకోర్ కూడా ఉందో లేదో చూసుకోవాలి.

చాలామందికి కొత్త కోర్ అవసరమే పడదు. జర్మనీలోని బ్రెమెన్, జపాన్‌లోని కొచ్చి, టెక్సాస్‌లోని కాలేజ్ స్టేషన్ భాండాగారాల్లో ఐఓడీపీ కోర్లు, ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో అంటార్కిటిక్ కోర్లు ఉన్నాయి. పరిశోధకులు అభ్యర్థన పెట్టి శాంపిల్స్ తెప్పించుకోవచ్చు. ముందు ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్-కిరణాలతో మూలకాలను కొలిచే) స్కాన్ డేటా ఉందేమో చూడాలి. కోర్ నుంచి శాంపిల్ తీయకుండానే బేరియం, టైటానియం, కాల్షియం గీతలు వస్తాయి, ఏ లోతులో ఏం మారిందో ముందే తెలిసిపోతుంది. దాన్ని బట్టి లోతులు ఎంచుకుని, గుల్లలకూ డయాటమ్‌లకూ కొవ్వు అణువులకూ ఒకే సెంటీమీటర్ నుంచి ఒకేసారి వాటాలు అడగాలి. వేర్వేరు లోతుల శాంపిల్స్‌తో వచ్చిన ప్రాక్సీలను తర్వాత కలపబోతే, ముందున్నది ఏది వెనకున్నది ఏదన్న వాదన ఎప్పటికీ తెగదు. కొవ్వు అణువుల వాటాను ప్లాస్టిక్‌లో కాక గాజులోనో అల్యూమినియం రేకులోనో తీసుకుని గడ్డకట్టించి ఉంచాలి. డీఎన్‌ఏ కావాలంటే ఏళ్ల తరబడి 4 డిగ్రీల గదిలో ఉన్న పాత కోర్ జోలికి పోకుండా, నౌక మీదే శుభ్రంగా తీసి గడ్డకట్టించిన శాంపిల్ దొరికేదాకా ఆగాలి.